నెలవారీ పుస్తకాల పెట్టెకు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పుస్తకాలు కొని చదివి, చదివినవాటి గురించి నాలుగు మాటలు రాసే అలవాటున్న వారందరికీ ఈ హెచ్చరిక. ‘పరిచయాలు రాసే పాఠకులకు ప్రత్యేకం’ అంటూ నెలకు 599 రూపాయలకు మూడు పుస్తకాల పెట్టె ఇంటికి పంపుతామని ఒక సంస్థ మన ప్రాంతంలో చందాదారులను చేర్చుకుంటోంది. నేనూ చేరాను. వచ్చిన పుస్తకాల్లో ఒకదానిలో పేజీలు లేవు, కొన్నిటి అట్టల మీద నిజమైన ధరను స్టిక్కరుతో కప్పేశారు, ఆపమని చెప్పినా ఖాతాలో డబ్బు కోత ఆగలేదు. అంతకన్నా ఎక్కువగా బాధపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. ఏళ్ల తరబడి కుదిరిన నా చదువు పద్ధతిని ఆ పెట్టె షరతులు చెడగొట్టబోయాయి. డబ్బు పోతే అడగడానికి చట్టం ఉంది. చదివే పద్ధతిని మాత్రం మనమే కాపాడుకోవాలి కనుక ఆ సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాను.

సంస్థ పేరు రాయడం లేదు. ఫిర్యాదుకు సిద్ధమవుతున్నాను. పైగా రేపు ఇదే పద్ధతి ఇంకో పేరుతో రావచ్చు, గుర్తుపట్టవలసింది పద్ధతినే.

తిరుపతిలో జరిగిన ఒక పుస్తక ప్రదర్శనలో వాళ్ల స్టాలు ఉంది. అక్కడ కూర్చున్న అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడు. “మీకు నచ్చితే రాయండి మేడమ్, రాయకపోయినా ఏమీ అనుకోము” అన్నాడు. ఫోనులో ఆటోపే అనుమతి, అంటే నెలనెలా ఖాతాలోంచి డబ్బు దానంతటదే కోతపడే అనుమతి, తీసుకున్నాడు. మొదటి పెట్టె వచ్చినప్పుడు పుస్తకాల కింద మడిచిపెట్టిన కాగితం కనిపించింది. అసలు షరతులు అందులో ఉన్నాయి. పెట్టె అందిన పది రోజుల్లో మూడు పుస్తకాలకూ పరిచయాలు రాసి అందరికీ కనిపించేలా పెట్టాలి. ఒక్కొక్కటీ 150 మాటలకు తగ్గకూడదు. ఐదు స్టార్లు ఇవ్వాలి. పుస్తకాలు తగ్గింపు ధరకు వచ్చాయని ఎక్కడా చెప్పకూడదు. గడువు తప్పితే తర్వాతి పెట్టె నిలిపివేస్తారు, డబ్బు మాత్రం తీసుకుంటారు. ఆ కాగితంతో పాటు ప్రతి పుస్తకానికీ ఒక ‘నమూనా పరిచయం’ కూడా జతచేశారు. సమయం లేనివాళ్లు దాన్నే కాస్త మార్చి వాడుకోవచ్చట.

పుస్తకాల గురించి రాసేవాళ్లకు తెలిసిన విషయమే, రాయాలనే ఉద్దేశం చదివే తీరును మార్చేస్తుంది. పెన్సిలు చేతికి వస్తుంది. పుస్తకం చివరి ఖాళీ పేజీలో పేజీ సంఖ్యలు, వాటి పక్కన రెండేసి మాటలు చేరతాయి. ముందుమాటను ఆఖరున చదవడం అలవాటవుతుంది, మన అభిప్రాయం ఏర్పడక ముందే పెద్దల అభిప్రాయం వచ్చి కూర్చోకూడదని. మొదటి ముద్రణ ఎప్పుడు, చేతిలో ఉన్నది ఎన్నో ముద్రణ అని చూస్తాం. ఒక రచయిత నచ్చితే అక్కడితో ఆగకుండా ఆయన తొలి రచనల దాకా వెనక్కి వెళతాం. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పాలి కనుక, విసుగు పుట్టిన చోటికే మళ్లీ వెళ్లి చూస్తాం. చిత్తూరు సీమ యాసలో వచ్చిన కథలను ఒకప్పుడు కథ కోసం గబగబా చదివేదాన్ని. వాటి గురించి రాయడానికి కూర్చున్నాక పైకి చదవక తప్పలేదు. ఒకవైపు తమిళం, ఒకవైపు కన్నడం వినిపించే ఊళ్లలో పెరిగిన ఆ మాటల నడక అప్పుడే నా చెవికి అందింది. ఇదంతా నాకు నేర్పింది రాయడమే.

ఇదే అలవాటు దారి తప్పే అవకాశమూ ఉంది. ఉదాహరించడానికి పనికొచ్చే వాక్యాల కోసమే పేజీలు తిప్పడం, సంఖ్య పెరగాలని పలుచని పుస్తకాలు ఎంచుకోవడం, అందరూ మాట్లాడుకుంటున్న కొత్త పుస్తకం తప్ప మరొకటి ముట్టకపోవడం, పాతవాటిని మళ్లీ చదవడం మానేయడం. రాసేవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ఒత్తిడి పడతారు. దాన్ని అదుపులో పెట్టేది మన ఇష్టమే. ఏది చదవాలో, ఎంత నెమ్మదిగా చదవాలో, ఎప్పుడు మధ్యలో వదిలేయాలో మన చేతిలో ఉన్నంతకాలం చదువు బాగుంటుంది. ఆ పెట్టె సరిగ్గా ఈ మూడింటినీ మన చేతుల్లోంచి తీసేసుకుంటుంది. పుస్తకం వాళ్లు ఎంచుతారు, గడువు వాళ్లు పెడతారు, అభిప్రాయం కూడా ముందే అచ్చువేసి పంపుతారు. పది రోజుల్లో మూడు పుస్తకాలు చదవడం కొందరికి కష్టం కాకపోవచ్చు. పది రోజుల్లో మూడు పుస్తకాలు నచ్చి తీరాలనడం మాత్రం అన్యాయం.

ఇక పేజీల సంగతి. వచ్చినవాటిలో మన ప్రాంతం నేపథ్యంగా ఉన్న ఒక కథల సంపుటి ఉంది. బావిలో వాటా కోసం అన్నదమ్ములు తగువుపడే కథ చదువుతూ, పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ వెళుతున్నాను. 96వ పేజీ చివర వాక్యం సగంలో ఉంది. తిప్పితే 113. అక్కడ వేరే కథ నడుస్తోంది. సరిగ్గా పదహారు పేజీలు, అంటే ఒక ఫారం మొత్తం లేదు. పెద్ద కాగితం మీద అచ్చువేసి మడిచిన ఒక కట్టను బైండింగులో కలపకుండా వదిలేస్తే ఇలా అవుతుంది. విషయసూచికలో 101వ పేజీ అని చూపించిన కథ ఒకటి పుస్తకంలో అసలు లేదు. ఫారం తప్పిపోవడం ఏ ప్రెస్సులోనైనా జరగవచ్చు, మంచి ప్రచురణకర్త అయితే విషయం చెప్పగానే మరో ప్రతి పంపుతాడు. అందుకే మొదట కోపం రాలేదు. చిత్తూరులో ఉండే, నేను అక్కా అని పిలిచే ఒక విశ్రాంత ఉపాధ్యాయినికి ఫోను చేశాను. ఆవిడకూ అదే పెట్టె వచ్చింది. తన పుస్తకం తెరిచి చూసి, “నాదీ అంతే అమ్మా, తొంభై ఆరు తర్వాత నూట పదమూడే” అన్నారు.

ఆ తర్వాత, ఈ సంపుటికి వచ్చిన ఐదు స్టార్ల పరిచయాలను కూర్చుని చదివాను. బావి కథ ముగింపు కంటతడి పెట్టించిందని వాటిలో చాలామంది రాశారు. ఇంచుమించు అదే వాక్యం నమూనా కాగితంలో ఉంది. రాసిన వారందరికీ పేజీలు తప్పిన ప్రతులే వచ్చాయో లేదో నాకు తెలియదు, వారిని నిందించను కూడా. గడువు మెడ మీద ఉన్నప్పుడు నమూనా చేతికి అందితే మనిషి ఏమి చేస్తాడో ఊహించవచ్చు. కానీ ఆ పరిచయాలు చూసి డబ్బు పెట్టి పుస్తకం కొనేవాళ్లు ఉన్నారు. వాళ్ల సంగతి తలచుకున్నాకే ఇది రాయాలని నిశ్చయించుకున్నాను.

సంస్థకు ఫోను చేస్తే వచ్చిన జవాబు ఇది: “ముందు పరిచయం పెట్టేయండి మేడమ్, తర్వాత వేరే కాపీ పంపిస్తాం.”

మిగిలిన పుస్తకాల్లో ఇంకో రకం మోసం కనిపించింది. అట్ట వెనక 350 రూపాయలని స్టిక్కరు. గోటితో జాగ్రత్తగా లేపితే కింద అచ్చులో 150. ‘సగం ధరకే’ ఇస్తున్నామని వాళ్లు చెప్పుకునే మాట ఈ స్టిక్కరు మీద లెక్క కట్టినదన్నమాట. ఇంకొక పుస్తకం అచ్చు జిరాక్సు తీసినట్టు ఉంది. వత్తులు నల్లగా ముద్దకట్టాయి, కింది వరుసలో పొల్లుకూ దీర్ఘానికీ తేడా తెలియదు. ముద్రణ వివరాల పేజీలో ప్రచురణకర్త చిరునామా లేదు, సంవత్సరం లేదు. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) లేకపోవడం ఒక్కటే చూసి దొంగ ప్రతి అనుకోకండి, తెలుగులో చాలా చిన్న ప్రచురణలకు అది ఉండదు. చిరునామా, సంవత్సరం, ముద్రణాలయం మూడూ లేకుండా, అచ్చు కూడా మసకగా ఉంటే మాత్రం తప్పకుండా అనుమానించాలి. అలాంటి ప్రతి కొంటే రచయితకు ఒక్క పైసా చేరదు. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత కూడా 60 ఏళ్ల వరకు కాపీహక్కు ఉంటుంది. దొంగ ప్రతులు అచ్చువేయడం 1957 కాపీరైట్ చట్టం కింద జైలుశిక్ష పడే నేరం.

డబ్బు కోత ఆపడం గురించి. సంస్థకు ఈమెయిలు పెట్టి ఊరుకోకండి, నా విషయంలో వాళ్లు ఆపలేదు. మీ ఫోనులోని యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం ఉంటుంది. మీరు ఇచ్చిన అనుమతులన్నీ అక్కడ కనిపిస్తాయి, మీరే రద్దు చేయవచ్చు. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం ఇలాంటి కోతకు కనీసం 24 గంటల ముందు మీకు సందేశం రావాలి. ఆ సందేశాన్ని చూడగానే తుడిచేయకండి. చందాలో చేరడం తేలికగా, బయటపడడం కష్టంగా పెట్టడాన్ని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో మోసపూరిత పద్ధతుల జాబితాలో చేర్చింది. ఆన్‌లైనులో అమ్మే సంస్థ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఇది 2020 ఈ-కామర్స్ నియమాల్లో ఉంది.

రాసేవాళ్లు ముఖ్యంగా గమనించవలసిన నియమం మరొకటి ఉంది. 2022 జూన్‌లో వచ్చిన ప్రకటనల మార్గదర్శకాల ప్రకారం, ఒక వస్తువును మెచ్చుకుంటూ చెప్పే వ్యక్తికి అమ్మేవారి నుంచి డబ్బో, ఉచితమో, తగ్గింపో అందితే, వినేవారి నమ్మకం మీద ఆ ప్రభావం పడేటట్లుంటే, ఆ సంగతి బయటికి చెప్పాలి. చెప్పకూడదని షరతు పెట్టడమంటే మన చేత తప్పు చేయించడం. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మొదటిసారికి 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. అమ్మేవారితో పాటు, సరిచూసుకోకుండా మెచ్చుకున్నవారినీ అది వదలదు. తగ్గింపుకో ఉచితానికో వచ్చిన పుస్తకం గురించి రాయకూడదని నేను అనను. ఎలా వచ్చిందో మొదటి వాక్యంలోనే చెప్పి, నచ్చనిది నచ్చలేదని రాసే స్వేచ్ఛ ఉంటే నిశ్చింతగా రాయండి.

ఇలాంటి చందా ఎవరైనా చూపిస్తే షరతులు కాగితం మీద ముందే అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే అక్కడే ఆగిపోండి. పుస్తకాల ఎంపికలో మీకు ఒక్కటైనా చోటు ఉందో లేదో అడగండి. పుస్తకం అందగానే విషయసూచికతో పేజీలు సరిచూడండి, ప్రతి పదహారు పేజీలకు ఒకసారి సంఖ్యలు చూస్తే నిమిషంలో అయిపోతుంది. పుస్తకాలకు జీఎస్టీ లేదు, బిల్లులో పుస్తకం మీద జీఎస్టీ వేస్తే ఎందుకని అడగండి. వీలైతే మన ఊరి దుకాణంలోనో ప్రదర్శనలోనో చేతిలోకి తీసుకుని, నాలుగు పేజీలు చదివి కొనండి. ఆ నాలుగు పేజీలే మీకు ఏది చదవాలో చెబుతాయి.

ఇప్పటికే చేరినవాళ్లు ఆ కథల సంపుటి తీసి 96వ పేజీ తర్వాత ఏముందో చూడండి. తేడా ఉంటే ఆ రెండు పేజీలు, స్టిక్కరు, షరతుల కాగితం ఫోటోలు తీసి, పెట్టెను, బిల్లును పారేయకుండా ఉంచండి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915, తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, సంస్థ ఎక్కడ ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, గడువు రెండేళ్లు. చిత్తూరు అక్కయ్య, నేను ఫిర్యాదు పత్రాలు సిద్ధం చేసుకున్నాం. గడువుకు భయపడి నమూనా పరిచయం పెట్టినవాళ్లు దాన్ని తీసేసి, మీ ప్రతిలో ఏమి ఉందో, ఏమి లేదో రాయండి.