నేషనల్ రిజిస్ట్రీ ఆఫ్ ఎక్సోనరేషన్స్: మూడు నెలలు చదివాక నా అభిప్రాయం

నేను టెక్సస్‌లో ఒక ఆస్పత్రి బ్లడ్ బ్యాంక్ ల్యాబ్‌లో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. పోయినేడాది జ్యూరీ డ్యూటీకి, అంటే కోర్టులో సాక్ష్యాలు విని నిందితుడు దోషో కాదో తేల్చే మామూలు పౌరుల్లో ఒకరిగా కూర్చోవడానికి, పిలుపొచ్చింది. హత్య కేసు. చాంతాడంత ప్రశ్నాపత్రం చేతికిచ్చారు. మరణశిక్ష గురించి మీరేమనుకుంటున్నారు అని ఒక ప్రశ్న. "కొన్ని నేరాలకు ఉండాల్సిందే" అని రాశాను, అప్పుడు నేను నమ్మింది అదే. ఫోరెన్సిక్ నిపుణుల మాటను ఎంతవరకు నమ్ముతారు అని ఇంకో ప్రశ్న. "పూర్తిగా" అని టిక్ పెట్టాను. నన్ను జ్యూరీలోకి తీసుకోలేదు, మధ్యాహ్నానికల్లా ఇంటికి పంపేశారు. కానీ ఆ టిక్ మాత్రం మనసులో గుచ్చుకుంటూనే ఉంది. అసలు వాళ్ల ల్యాబులు ఎలా పనిచేస్తాయో నాకేం తెలుసని అలా పెట్టాను?

ఆ వెతుకులాటలోనే ఈ రిజిస్ట్రీ వెబ్‌సైట్ దొరికింది. చేయని నేరానికి శిక్షపడి, తర్వాత నిర్దోషులుగా తేలినవాళ్ల వివరాలు ఇందులో ఉంటాయి. 1989 నుంచి అమెరికా మొత్తంలో అలా నిర్దోషులుగా తేలిన, తెలిసిన ప్రతి కేసునూ ఇందులో చేర్చుతున్నారు. సైట్ 2012లో మొదలైంది, ఇప్పటికి 3,500 కేసులు దాటాయి. డబ్బు కట్టక్కర్లేదు. రాష్ట్రం, నేరం, శిక్షపడిన ఏడాది, పడిన శిక్ష, ఇలా దేన్నిబట్టయినా వెతుక్కోవచ్చు. తప్పు ఎందుకు జరిగిందో ప్రతి కేసుకూ గుర్తులు పెట్టారు: సాక్షి మనిషిని పొరబడటం, చేయని నేరాన్ని ఒప్పుకోవడం, అబద్ధపు సాక్ష్యం, అధికారుల అక్రమాలు, సరైన లాయర్ లేకపోవడం, తప్పుడు ఫోరెన్సిక్ సాక్ష్యం. నేను ఈ చివరి గుర్తు పట్టుకుని, రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక్కో కేసూ చదవడం మొదలుపెట్టాను.

పేరు నొక్కితే ఆ మనిషి కథంతా వస్తుంది. ఈ సర్వీసులో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. లాయర్ల భాష లేదు, కన్నీళ్లు పెట్టించాలన్న ప్రయత్నమూ లేదు. ఏం జరిగింది, కోర్టులో ఎవరేమన్నారు, ఎక్కడ బెడిసికొట్టింది అన్నది వరసగా చెబుతారు.

వాషింగ్టన్‌కు చెందిన శాంటే ట్రిబుల్ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1980లో ఒక హత్య కేసులో అతనికి శిక్షపడింది. హంతకుడి ముసుగులో దొరికిన వెంట్రుక అతనిదేనని ఎఫ్‌బీఐ నిపుణుడు మైక్రోస్కోపులో చూసి చెప్పాడు. దశాబ్దాల తర్వాత డీఎన్ఏ పరీక్ష చేస్తే అక్కడి 13 వెంట్రుకల్లో ఒక్కటీ అతనిది కాదు. ఒకటైతే కుక్కది!

మా ల్యాబ్‌లో ఏడాదికి మూడుసార్లు బయటి నుంచి శాంపిల్స్ వస్తాయి. వాటి జవాబు మాకు తెలియదు. తప్పు చెబితే మా లైసెన్సుకే ఎసరు. ఒక మనిషికి రక్తం ఎక్కించే ముందు ఇద్దరం లేబుల్ చదువుకుంటాం. నేరస్థుడెవరో పోలీసులు ముందే చెప్పాక ఒక వెంట్రుక చూసి "ఇతనిదే" అనడాన్ని మేమైతే పరీక్ష అనం. ఎఫ్‌బీఐ తన పాత కేసులు తిరగేసి 2015లో ఫలితాలు బయటపెట్టింది. వెంట్రుకల సాక్ష్యం నిందితుడికి వ్యతిరేకంగా వాడిన 268 విచారణల్లో 257 చోట్ల నిపుణులు ఉన్నదానికి మించి చెప్పారని తేలింది. ఆ 268లో 35 మరణశిక్ష కేసులు. ఆ 35లోనూ 33 చోట్ల అదే తప్పు. అప్పటికే తొమ్మిది మందిని చంపేశారు.

డాలస్‌లో స్టీవెన్ చేనీది పంటిగాటు కేసు: హత్యకు గురైన మనిషి ఒంటి మీది పంటిగాటు అతనిదేనన్నారు. హత్య జరిగిన రోజు అతను తమతోనే ఉన్నాడని తొమ్మిది మంది సాక్ష్యం చెప్పారు. ఇంకొకరి పంటిగాటు అయ్యే అవకాశం పది లక్షల్లో ఒకటేనని ఒక దంతవైద్యుడు చెప్పాడు. 1987లో ఆ తొమ్మిది మందినీ కాదని జ్యూరీ ఈ దంతవైద్యుణ్ని నమ్మింది. నేను ఆ జ్యూరీలో ఉంటే నేనూ నమ్మేదాన్ని. ఆ లెక్కకు శాస్త్రీయ ఆధారం లేదని తర్వాత ఆ వైద్యుడే ఒప్పుకున్నాడు. చేనీ జైలు నుంచి బయటికి వచ్చేసరికి 2015.

ఇక ఎర్నెస్ట్ విల్లిస్ పేజీ. టెక్సస్‌లోనే, 1986లో ఒక ఇల్లు కాలి ఇద్దరు ఆడవాళ్లు చనిపోయారు. నేల మీద కాలిన మచ్చలు చూసి, పెట్రోలు లాంటిదేదో పోసి అంటించారని తేల్చారు. మరణశిక్ష పడింది. గది మొత్తం ఒక్కసారిగా అంటుకున్నప్పుడు ఏమీ పోయకపోయినా అలాంటి మచ్చలే పడతాయని తర్వాత నిపుణులు చెప్పారు. 2004 అక్టోబర్‌లో అతను విడుదలయ్యాడు.

ఇదే టెక్సస్‌లో, ఇలాంటి సాక్ష్యంతోనే, కామెరాన్ టాడ్ విల్లింగ్‌హామ్‌కి శిక్షపడింది. 1991లో ఇల్లు తగలబడి అతని ముగ్గురు కూతుళ్లు చనిపోయారు. ఈ రెండు కేసుల్లోని మంటల సాక్ష్యాన్నీ తప్పుపట్టిన నిపుణుల్లో ఒకాయన ఇద్దరికీ సాయం చేశాడు. విల్లింగ్‌హామ్ విషయంలో ఆయన రిపోర్టు శిక్షకు కొద్ది రోజుల ముందే అందింది. అధికారులు ఆగలేదు. 2004 ఫిబ్రవరి 17న చంపేశారు. విల్లిస్ బయటికి రావడానికి ఎనిమిది నెలల ముందు.

రిజిస్ట్రీలో విల్లిస్ ఉన్నాడు, విల్లింగ్‌హామ్ లేడు. దీని పెద్ద పరిమితి ఇదే, వాడేవాళ్లు తెలుసుకుని వాడాలి. కోర్టో, ప్రభుత్వమో అధికారికంగా నేరం కొట్టేస్తేనే ఇక్కడ చోటు. చనిపోయాక నిర్దోషిగా తేలినవాళ్లూ కొందరున్నారు కానీ, శిక్ష అమలైపోయిన కేసును మళ్లీ తెరిచే ఓపిక ఎవరికుంటుంది? నియమం అంత కచ్చితంగా ఉండబట్టే ఉన్న పేర్లను నమ్మగలుగుతున్నాం, అది ఒప్పుకుంటాను. కానీ 3,500 అన్నదే మొత్తం లెక్క అనుకోకండి.

మా ఆయన మరణశిక్ష ఉండాలంటారు. "ఇప్పుడు డీఎన్ఏ వచ్చింది కదా, పాత తప్పులు మళ్లీ ఎందుకు జరుగుతాయి?" అన్నారు. డీఎన్ఏ వల్ల బయటపడిన కేసుల్ని విడిగా తీసి చూపించాను. మొత్తంలో ఐదో వంతు కూడా లేవు. కాలిన నేల మీద ఏ డీఎన్ఏ దొరుకుతుంది? అమెరికాలో 1973 నుంచి మరణశిక్ష పడ్డాక నిర్దోషులుగా తేలినవాళ్లు కనీసం 200 మంది. 1976 నుంచి శిక్ష అమలైనవాళ్లు 1,600 పైచిలుకు. మా బ్లడ్ బ్యాంక్ అలాంటి లెక్క చూపిస్తే మర్నాడే తాళం వేస్తారు. చనిపోయిన పిల్లల తల్లుల సంగతేంటని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. కానీ వేరే మనిషిని చంపితే ఆ తల్లికి న్యాయం జరిగినట్టు కాదు, అసలు నేరస్థుడు బయటే తిరుగుతుంటాడు.

నా రేటింగ్ ఐదుకి ఐదు. మొదటిసారి చూసేవాళ్లు అంకెల దగ్గర ఆగిపోకుండా, మీ రాష్ట్రం ఎంచుకుని ఒక పది కథలు పూర్తిగా చదవండి. ఒక జాగ్రత్త: జ్యూరీలో ఉన్నన్నాళ్లూ సొంతంగా ఏదీ వెతకకూడదు, జడ్జిగారు మొదటి రోజే చెబుతారు. అందుకని సమన్ల కవరు ఇంటికి రాకముందే చదవండి.