జాగ్రత్త: పెట్టెపై ఆండ్రాయిడ్ 12, లోపల ఆండ్రాయిడ్ 7

ఊళ్లో అమ్మానాన్నలు చూసే టీవీ పాత ఎల్‌ఈడీ. దానికి ఇంటర్నెట్ రాదు గానీ హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది. ఇంట్లో వైఫై ఎలాగూ ఉంది కదా అని, ఆన్‌లైన్‌లో 2,300 రూపాయలు పెట్టి హెచ్‌డీఎంఐ పోర్టుకు తగిలిస్తే టీవీలో యాప్‌లు, ఇంటర్నెట్ నడిపే ఒక ఆండ్రాయిడ్ మినీ పీసీ స్టిక్ తెప్పించాను. పెట్టెపై 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, ఆండ్రాయిడ్ 12 అని పెద్ద అక్షరాలతో ఉంది. అవన్నీ అబద్ధాలని తేలేసరికి వాపసుకిచ్చిన ఏడు రోజుల గడువు దాటిపోయింది. మీకు అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

నన్ను తప్పుదారి పట్టించింది కరెంటు సమస్య. స్టిక్‌కు టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచే కరెంటు ఇచ్చాను. లోగో వచ్చేది, తెర నల్లబడేది, మళ్లీ లోగో. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే, ఈ స్టిక్ అడిగేది 2 ఆంపియర్లు. ఫోను చార్జరుకు తగిలించగానే ఆ బాధ పోయింది. అయితే అమ్మకందారుకు అదే సాకు దొరికింది. వీడియో ఆగి ఆగి వస్తోందంటే వైరు మార్చమన్నారు, టీవీ పాతదన్నారు, రెండు రోజుల్లో అప్‌డేట్ వస్తుందన్నారు. నమ్మి ఎదురుచూశాను. గడువంతా అందులోనే పోయింది.

చెల్లి పెళ్లి వీడియోలు ఎక్కిస్తున్నప్పుడు అసలు రంగు బయటపడింది. 4 జీబీ కాగానే స్థలం లేదంది. సెట్టింగ్స్‌లో చూస్తే మాత్రం ఇంకా 50 జీబీకి పైగా ఖాళీ! అప్పుడు పరికరం లోపల ఏముందో చూపించే సీపీయూ-జెడ్ యాప్ వేసి చూశాను. ర్యామ్ 1 జీబీ కూడా నిండుగా లేదు. ఆండ్రాయిడ్ వెర్షన్ దగ్గర 12 అనే ఉంది, దాని కిందే ఏపీఐ లెవెల్ (ఒక్కో ఆండ్రాయిడ్ వెర్షన్‌కు ఉండే లోపలి అంకె) 25 అని ఉంది. 25 అంటే ఆండ్రాయిడ్ 7.1. నిజంగా 12 అయితే అక్కడ 31 ఉండాలి. పేరు మార్చినవారు ఆ అంకెను మార్చడం మరిచారు.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది వేరే ఉంది. యాప్‌లు వేసుకోవాలంటే ముందు ప్లే ప్రొటెక్ట్ (హానికర యాప్‌లను పట్టుకునే గూగుల్ రక్షణ) ఆపేయమని స్టిక్‌తో వచ్చిన కాగితంలోనే రాసి ఉంది. నేను ఆపేశాను కూడా, పైగా నాన్న గూగుల్ ఖాతాతో లాగిన్ చేశాను. ఇలాంటి పేరులేని ఆండ్రాయిడ్ పెట్టెల్లో కొన్ని ఫ్యాక్టరీ నుంచే మాల్వేర్‌తో, అంటే హానికర సాఫ్ట్‌వేర్‌తో వస్తున్నాయని, ప్లే ప్రొటెక్ట్ ఆపమని అడగడం అనుమానించాల్సిన గుర్తని 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది. అది చదివిన రాత్రే స్టిక్ పీకేసి, నాన్న ఖాతా నుంచి ఆ పరికరాన్ని తొలగించి, పాస్‌వర్డ్ మార్చాను.

ఇప్పటికే కొన్నవారు దయచేసి ఈరోజే చూసుకోండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో 'అబౌట్' కింద ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్, అంటే ఆ పరికరానికి గూగుల్ ధ్రువీకరణ ఉందో లేదో, కనిపిస్తుంది. సర్టిఫై కాలేదని కనిపిస్తే బ్యాంకు, ఈమెయిల్ ఖాతాలేవీ అందులో వాడకండి. డీఆర్‌ఎం ఇన్ఫో యాప్‌లో వైడ్‌వైన్ (వీడియోలు కాపీ కాకుండా కాపాడే గూగుల్ ఏర్పాటు) స్థాయి ఎల్3 అని, అంటే అన్నిటికన్నా కింది స్థాయి అని ఉంటే, 4కే స్టిక్ అని ఎంత చెప్పినా చాలా ఓటీటీలు హెచ్‌డీ బొమ్మ కూడా ఇవ్వవు. పెట్టె విప్పేటప్పుడే వీడియో తీసి పెట్టుకోండి, నేను తీయలేదు. గడువు ముగిసేదాకా అమ్మకందారు ఏం చెప్పినా ఆగకండి, మొదటి రోజే వాపసుకు పెట్టండి.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి, ఏపీఐ లెవెల్ కనిపిస్తున్న తెర ఫొటోతో ఫిర్యాదు నమోదు చేశాను. కొన్న వెబ్‌సైటు ఫిర్యాదుల అధికారికీ రాశాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు వారు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఈరోజుకు పదకొండు రోజులైంది. డబ్బు తిరిగొచ్చినా రాకున్నా ఇక్కడే చెబుతాను.