మా ఫైబర్ బోటుకు కొత్త ఫ్లోర్ వేసి మూడేళ్లు

2022 వేట నిషేధంలో (ఏటా వేసవిలో సముద్రంలో చేపల వేట ఆపే రోజులు) మా పాత బోటు ఫ్లోర్ మొత్తం కోసి తీసేసి కొత్తది వేసుకున్నాం. 2025 జూన్‌కి మూడేళ్లు నిండాయి. మాది భీమిలి దగ్గర ఇసుక ఒడ్డు, జెట్టీ లేదు. వేటకెళ్లే ప్రతిరోజూ కెరటాల మీంచి బోటు దింపాలి, తిరిగొచ్చాక ఇసుకలో లాగి పైకి పెట్టాలి. ఇలాంటి భారం మోసే బోటులో మా పని ఎక్కడ నిలిచిందో, ఎక్కడ లేచిపోయిందో రాస్తున్నాను. ఈ పని మొదలుపెట్టబోయేవాళ్లకు పనికొస్తుంది.

బోటు 28 అడుగులది. 2008లో నాన్న కొన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఒడ్డున కట్టిన బోటు తాళ్లు తెంచుకుని పక్క బోటు మీద పడింది. పక్కగోడ చిట్లింది, గోడకీ ఫ్లోర్‌కీ మధ్య అతుకు విడిపోయింది. ఆ రోజుల్లో అందరి బోట్లూ అలాగే ఉన్నాయి, మేస్త్రీలు దొరకలేదు. పైపైన మ్యాట్ (గాజు పీచుతో చేసిన పరుపులాంటి గుడ్డ) వేయించి వేటకు వెళ్లిపోయాం. తర్వాత ఫ్లోర్ ఒకచోట మెత్తబడితే మామూలు ప్లైవుడ్ ముక్క పెట్టి మేకులు కొట్టించాం. నష్టమంతా ఆ మేకుల రంధ్రాల్లోంచే దిగింది.

తేడా మొదట భుజాలకు తెలిసింది. ఎనిమిది మంది లాగే బోటుకు పన్నెండు మంది కావాల్సి వచ్చింది. డీజిల్ ఎక్కువ తాగుతుంటే ఇంజన్ పాతబడిందనుకున్నాం. ఒకరోజు నాన్న సుత్తి పిడితో ఫ్లోర్ అంతా కొట్టుకుంటూ వెళ్లారు. బాగున్న చోట టక్ టక్‌మంది. ఇంజన్ ముందు భాగంలో మాత్రం తడి మట్టి మీద కొట్టినట్టు మొద్దుగా మోగింది. అక్కడ డ్రిల్లు దించితే గోధుమరంగు నీళ్లు ఉబికి వచ్చాయి, కుళ్లు వాసన. ఫ్లోర్ కోసి చూస్తే కింద నింపిన థర్మోకోల్ దిమ్మలు నీళ్లు తాగి ఉన్నాయి. అడుగున బోటు పొడవునా ఉండే దూలాల్లోని చెక్క చేత్తో నలిపితే పొడి అయింది. ఏళ్ల తరబడి ఆ నీటిని మేమే మోసుకుని తిరిగాం.

కోయడానికి ముందు చేసిన పని ఒకటి తప్పకుండా చెప్పాలి. ఫ్లోర్ తీసేశాక బోటు ఒంటికి బలం ఉండదు. అది ఎలా వాలి ఉంటే కొత్త ఫ్లోర్ ఆ వంకరనే బిగించేస్తుంది. అందుకే ఇసుక చదును చేసి, రెండు వైపులా ఇసుక బస్తాలు ఆనించి, ముందు ముక్కు నుంచి వెనక దాకా దారం లాగి చూసుకున్నాకే కోత పెట్టాం. దీనికి ఒక రోజు పట్టింది.

ఆ తర్వాత అడుగు ఎండబెట్టాం. ఏప్రిల్ ఎండలో మూడు వారాలు, రాత్రి టార్పాలిన్ కప్పి. తడి మీద రెజిన్ (ఫైబర్‌ని తడిపి గట్టిపరిచే జిగురు ద్రవం) పట్టదు. ఇంకో నాలుగు రోజుల్లో ప్లైవుడ్ దించుదామనుకుంటుండగా మే రెండో వారంలో అసాని తుఫాను వచ్చింది. విశాఖలో విమానాలు కూడా ఆగిపోయాయి. టార్పాలిన్ లేచిపోయి అడుగంతా నీళ్లయింది. జూన్ 14తో నిషేధం అయిపోతుంది, ఆ తర్వాత ఒక్కరోజు కూడా బోటు ఒడ్డున ఉండకూడదని బావకు టెన్షన్. “పైపైన తుడిచి వేసేద్దాం బావా” అన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఇంకో పది రోజులు ఎండబెట్టాం. ఈ మూడేళ్లలో ఆ పది రోజుల గురించి నేను బాధపడలేదు.

దూలాల్లో మళ్లీ చెక్క పెట్టలేదు. దూలం బలం పైన వేసే ఫైబర్‌లోనే ఉంటుంది, లోపలిది ఆకారం కోసమే. నాలుగంగుళాల పీవీసీ పైపు నిలువునా చీల్చి బోర్లించి, దాని మీద మ్యాట్, రోవింగ్ (గాజు పోగులతో నేసిన మందపాటి గుడ్డ) మార్చి మార్చి వేశాం. ప్రతి దూలం కింద నీళ్లు వెనక్కి జారడానికి చిన్న పైపు ముక్కలు అడ్డంగా పెట్టాం. అడుగున చివర డ్రెయిన్ ప్లగ్ పెట్టాం. పాత బోటులో ఇవేవీ లేవు. లోపలికి దిగిన నీటికి బయటికొచ్చే దారే లేదు.

ఫ్లోర్‌కి 12 ఎంఎం ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కి ఉన్న భారత ప్రమాణం) మెరైన్ ప్లైవుడ్, నాలుగు షీట్లు పట్టాయి. దించే ముందే అన్ని వైపులా రెజిన్ పూశాం, అంచులకు మూడుసార్లు. కింద ఒక పొర 450 మ్యాట్ (చదరపు మీటరుకు 450 గ్రాములు తూగేది), పైన రెండు పొరల మ్యాట్, మధ్యలో ఒక రోవింగ్. ఈ మ్యాట్ చదరపు మీటరు తడవడానికి దాదాపు కిలో రెజిన్ కావాలి. దూలాలు, మూలల పుట్టీతో కలిపి మాకు 60 కిలోలు అయింది. మామూలు రెజిన్ కంటే ఖరీదైనా ఐసోఫ్తాలిక్ రకమే తీసుకున్నాం, ఉప్పునీటికి అది నయం. మొత్తం కూలితో కలిపి 60 వేలు దాటింది.

మే ఎండలో రెజిన్ చాలా త్వరగా గడ్డకడుతుంది. హార్డ్‌నర్ (రెజిన్ గడ్డకట్టడానికి కలిపే ద్రవం) కిలోకు 10 మిల్లీలీటర్లకు తగ్గించి, తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టి ఎనిమిదికల్లా ఆపేసేవాళ్లం. ఒకసారికి ఒక కిలోనే కలపాలి, ఎక్కువ కలిపితే బకెట్‌లోనే పొగలు వస్తాయి. మీది కోబాల్ట్ (గడ్డకట్టడాన్ని వేగం చేసే మందు) విడిగా కలపాల్సిన రెజిన్ అయితే, ముందు దాన్ని రెజిన్‌లో పూర్తిగా కలిపేసి ఆ తర్వాతే హార్డ్‌నర్ వేయండి. ఆ రెండూ నేరుగా కలిస్తే మంటలు లేస్తాయి, పేలవచ్చు కూడా. పిల్లల్ని దగ్గరికి రానీయకండి.

తేలడానికి థర్మోకోల్ మళ్లీ పెట్టలేదు. అది నీళ్లు పీలుస్తుంది, పైగా రెజిన్ తగిలితే కరిగిపోతుంది. బదులుగా మూతలు బిగించిన 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు 16 కట్టాం. ఒక్కోటి దాదాపు 20 కిలోలు తేలుస్తుంది. ఫ్లోర్‌లో నాలుగు గుండ్రటి మూతలు పెట్టాం, చెయ్యి పెట్టి డబ్బాలు తడిమి చూసుకోవడానికి.

ఇక మూడేళ్ల సంగతి. ఫ్లోర్ మధ్య భాగం రాయిలా ఉంది. వల, ఐసు, చేపలు, మనుషులు అన్నీ మోసింది, ఎక్కడా మెత్తబడలేదు. మళ్లీ ఎనిమిది మందే లాగుతున్నాం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వానలకు బోటు ఒడ్డున రోజుల తరబడి తడిసింది. తర్వాత ప్లగ్ తీస్తే రెండు చెంబుల నీళ్లు కారి ఆగిపోయింది. కొత్త ఫ్లోర్‌లో నాకు అన్నిటికంటే విలువైనది ఆ చిన్న ప్లగ్గే.

తప్పులూ ఉన్నాయి. జారకుండా ఉండాలని పై పొర పచ్చిగా ఉన్నప్పుడు కడిగి ఆరబెట్టిన ఏటి ఇసుక చల్లాం. కాళ్లకు పట్టు బాగానే దొరికింది, కానీ వల పోగుచేసే చోట నైలాన్ దారాలు చిక్కుకుని తెగాయి. మొదటి నెలలోనే అంత మేర గరుకు కాగితంతో అరగదీయాల్సి వచ్చింది. ఇసుక ఇంజన్ దగ్గర, అంచుల వెంట మాత్రమే చల్లండి. పై పొరకు మైనం కలిపిన టాప్‌కోటే (చివరిగా పూసే రంగు పూత) వాడండి. మొదటి భాగంలో మైనం లేని మామూలు జెల్‌కోట్ పూస్తే రోజులు గడిచినా చేతికి అంటుకుంటూనే ఉంది, గీకేసి మళ్లీ వేశాం.

స్క్రూలు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌వి కొన్నాం, ఏడాదికే తుప్పు మరకలు కారాయి. 316 రకం అడగాల్సింది. గుండ్రటి మూతల మరల్లో ఇసుక చేరుతుంది. ఒకటి ఎండకు పగిలింది, మార్చాం. నెలకోసారి కడిగి గ్రీజు రాస్తే మిగతావి బాగున్నాయి. తేలడానికి కట్టిన డబ్బాల్లో మూడు, పగటిపూట ఉబ్బుతూ రాత్రి లోపలికి పీల్చుకుంటూ చివరికి మడత దగ్గర చిట్లాయి. చేతికి అందేలా పెట్టుకున్నాం కాబట్టి తెలిసింది.

పెద్ద లోపం ఇంజన్ పక్కన ఉంది. పద్నాలుగేళ్ల డీజిల్ అక్కడి పాత ఫైబర్‌లోకి ఇంకిపోయింది. నేను అసిటోన్‌తో తుడిచి, పైపైన గ్రైండింగ్ చేసి సరిపెట్టాను. పాత ఫైబర్‌కి కొత్త పాలిస్టర్ రెజిన్ గరుకుతనం మీదే పట్టుకుంటుంది, నూనె ఉంటే పట్టదు. ఇంజన్ అదురుకి గోడ దగ్గర మూరెడు మేర పొర లేచింది. 2025 నిషేధంలో అక్కడ నూనె లేని శుభ్రమైన పొడి ఫైబర్ కనిపించేదాకా గ్రైండ్ చేసి, ఈసారి ఎపాక్సీతో (ఇంకా గట్టిగా పట్టే వేరే రకం రెజిన్) అతికించాం. నాన్న మళ్లీ సుత్తి పిడి తీసుకుని చుట్టూ కొట్టి చూశారు. టక్ టక్‌మంది. జూన్ 15 తెల్లవారుజామున బోటు దించాం.