లాగిన్ అవ్వగానే ఆరు సర్వర్లూ కళ్ల ముందు: టెర్మినేటర్‌తో నా అనుభవం

నాది ఉదయం ఆరు గంటల షిఫ్టు. ఆఫీసు హైదరాబాద్‌లో, నేను శ్రీకాకుళంలో, అరసవల్లి రోడ్డులోని మా ఇంటి ముందు గదిలో. చూసుకోవాల్సిన సర్వర్లు ఆరు: రెండు వెబ్, రెండు డేటాబేస్, ఒకటి బ్యాకప్, ఒకటి మానిటరింగ్. వాటి గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తుంది కాబట్టి అక్కడి అర్ధరాత్రి మనకు తెల్లవారుజామున 5:30. బ్యాకప్ అప్పుడే మొదలవుతుంది. నేను కూర్చునేసరికి సగంలో ఉంటుంది. పొద్దున్నే ముందు చూడాల్సింది దాన్నే.

ఇదివరకు ఒక్కో టెర్మినల్ (కమాండ్లు కొట్టే విండో) తెరిచి, సర్వర్ పేరు కొట్టి లోపలికి వెళ్లేవాణ్ని. రోజుకో వరసలో తెరవడంతో ఏది ఎక్కడుందో ఏ రోజుకారోజు గుర్తుపెట్టుకోవాల్సి వచ్చేది. ఒక వేసవి మధ్యాహ్నం కరెంటు పోయింది, కాసేపటికి ఇన్వర్టర్ కూడా ఆగిపోయింది. కరెంటు రాగానే హడావిడిగా అన్నీ మళ్లీ తెరిచాను. రెప్లికా (నకలు) డేటాబేస్‌ని రీస్టార్ట్ చేయబోయి ప్రైమరీని, అంటే అసలుదాన్ని చేశాను. నాలుగు నిమిషాలు సైట్ ఆగిపోయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ వారమే టెర్మినేటర్ పెట్టుకున్నాను. ఒకే విండోని గళ్లుగా చేసి, ఒక్కో గడిలో ఒక్కో టెర్మినల్ చూపించే ప్రోగ్రామ్ అది. ఉచితం, నేను వాడే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతుంది. కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని ‘ఓ’ (O) కొడితే విండో అడ్డంగా, ‘ఈ’ (E) కొడితే నిలువుగా రెండు గళ్లవుతుంది. అంతవరకూ చాలా టెర్మినల్స్ చేస్తాయి. నాకు నచ్చింది లేఅవుట్. గళ్ల అమరికకు ఓ పేరు పెట్టి దాచుకోవచ్చు. ఏ గడిలో ఏ కమాండ్ నడవాలో, ఏ రంగులు ఉండాలో ముందే రాసిపెట్టుకోవచ్చు. నా ప్రైమరీ డేటాబేస్ ఎప్పుడూ కుడివైపు కింద, ముదురు ఎరుపు గడిలో ఉంటుంది. రెప్లికా దాని పైన, నీలంలో. ఇప్పుడు ఎరుపులోకి కర్సర్ వెళ్లిందంటే చెయ్యి తనంతట తానే ఆగుతుంది.

ఇక లాగిన్ అవ్వగానే తెరుచుకునే సంగతి. మింట్ సినమన్ డెస్క్‌టాప్‌లో స్టార్టప్ అప్లికేషన్స్‌కి వెళ్లి, ఫలానా లేఅవుట్‌తో టెర్మినేటర్ తెరవమనే కమాండ్ చేర్చాను. అక్కడే ఎన్ని సెకన్లు ఆగి మొదలవ్వాలో చెప్పొచ్చు. నేను 20 పెట్టాను. మొదటి రోజు సున్నా ఉంచితే వైఫై కలవకముందే ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని సర్వర్‌లోకి భద్రంగా వెళ్లే కమాండ్) పరిగెత్తింది, విండో తళుక్కుమని మాయమైంది. కమాండ్ ముగిశాక కూడా గడిని తెరిచే ఉంచమని టెర్మినేటర్ ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో మార్చాకే ఎర్రర్ ఏమిటో చదవగలిగాను. కొత్తగా పెట్టుకునేవాళ్లు ముందు ఆ మార్పు చేసుకోండి.

అయితే దీని పక్కన టీమక్స్ (tmux), అంటే మన కనెక్షన్ తెగినా టెర్మినల్‌లోని పనిని బతికించి ఉంచే ప్రోగ్రామ్, లేకపోతే సగం లాభం పోయినట్టే. టీమక్స్ మన మెషీన్‌లో కాదు, సర్వర్‌లో నడవాలి. ఒక్కో గడి సర్వర్‌లోకి వెళ్లగానే పాత సెషన్ ఉంటే దానికే తగులుకుంటుంది, లేకపోతే కొత్తది మొదలుపెడుతుంది. ఇక్కడ కరెంటు పోయినా, నెట్ తెగినా అక్కడ నడుస్తున్న పని నడుస్తూనే ఉంటుంది. రథసప్తమి రోజు సూర్యదేవుడి దర్శనానికి వచ్చిన జనంతో మా రోడ్డు నిండిపోయింది. బ్రాడ్‌బ్యాండ్ లేక ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉన్నాను, అదీ మాటిమాటికీ తెగుతోంది. డేటాబేస్‌లో పెద్ద టేబుల్‌కి, వెతకడం త్వరగా అయ్యేలా, ఇండెక్స్ కడుతున్నాను. నాలుగుసార్లు తెగి కలిశాను, కలిసిన ప్రతిసారీ అది ఇంకొంచెం ముందుకెళ్లి కనిపించింది. పాత పద్ధతిలో అయితే మొదటి తెంపుకే పోయేది.

పాస్‌వర్డులతో మాత్రం ఇది పెట్టుకోకండి. సర్వర్ పాస్‌వర్డ్‌కి బదులు పనిచేసే ఎస్‌ఎస్‌హెచ్ కీని పాస్‌ఫ్రేజ్ (రహస్య వాక్యం)తో పెట్టుకుంటే, లాగిన్ పాస్‌వర్డ్ కొట్టగానే రహస్యాలు దాచే కీరింగ్ తెరుచుకుని కీని అదే అందిస్తుంది. ఆటో లాగిన్ ఆన్‌లో ఉంచితే కీరింగ్ తెరుచుకోదు, మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. పైగా ఆరు సర్వర్లు తెరిచి ఉన్న మెషీన్ ఎవరి చేతికైనా అందితే ఎంత ప్రమాదమో ఆలోచించండి. మా అక్క కూతురికి నాలుగేళ్లు, కీబోర్డు కనిపిస్తే ఆగదు. స్క్రీన్ రెండు నిమిషాలకే లాక్ అయ్యేలా పెట్టాను, కుర్చీలోంచి లేచేముందు చేత్తో కూడా లాక్ చేస్తాను.

నచ్చనివీ ఉన్నాయి. ఒకచోట కొట్టింది అన్ని గళ్లలోకీ వెళ్లే బ్రాడ్‌కాస్ట్ సౌకర్యం ఉంది. ఆల్ట్‌తో ‘ఏ’ (A) కొడితే చాలు, ఆన్ అయిపోతుంది. నాలా రకరకాల సర్వర్లున్నవాళ్లకు అది చాలా ప్రమాదం, ఆ షార్ట్‌కట్‌ని నేను తీసేశాను. లేఅవుట్ సెట్టింగ్స్ మొదట అర్థం కావు, నాకు ఓ ఆదివారమంతా పట్టింది. టీమక్స్‌లో మౌస్‌తో పైకి జరిపితే పాత లాగ్ రాదు, మౌస్ సెట్టింగ్ విడిగా ఆన్ చేసుకోవాలి.

ఇప్పుడు ఉదయం పాస్‌వర్డ్ కొట్టి వంటింట్లోకి వెళ్తాను. అమ్మ టీ గ్లాసు ఇస్తూ "ఏటిరా, ఇంకా నీ పెట్టెలు తెరుచుకోలేదా?" అంటుంది. వచ్చి చూస్తే ఆరూ ఎక్కడివక్కడ ఉంటాయి, ఎడమవైపు కింద గడిలో బ్యాకప్ లాగ్ కదులుతుంటుంది. విజయనగరంలో ఉన్న మా తమ్ముడికి సర్వర్లు రెండే, అతనికీ పోయిన నెల పెట్టిచ్చాను. పైన టెస్టింగ్, కింద ప్రొడక్షన్ (జనం వాడే అసలుది), కిందది ఎరుపు.