కొలెస్టరిక్ ద్రవస్ఫటిక లేజరు: కొన్నేళ్ల వాడకం తరువాత

శ్రీకాకుళంలోని మా కళాశాల ప్రయోగశాలలో పీజీ విద్యార్థుల వర్ణపట ప్రయోగాలకు కొలెస్టరిక్ ద్రవస్ఫటిక లేజరును కొన్నేళ్లుగా వాడుతున్నాము. రంగు మార్చుకోగల లేజరు అవసరమై, రంగు ద్రావణంతో పనిచేసే పెద్ద డై లేజరుకు కావలసిన పంపులు, ద్రావణాలు, స్థలం సమకూర్చుకోలేని చిన్న ప్రయోగశాలలకు దీనిని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అయితే దీని మంచిచెడులన్నీ ఘటం, అంటే ద్రవస్ఫటికాన్ని నింపిన గాజు పలకల జత, తయారీలోనే ఉన్నాయి.

రెండు గాజు పలకల మధ్య 20 మైక్రోమీటర్ల మందాన నింపిన ద్రవస్ఫటిక పొరే ఇక్కడ లేజరు. నెమాటిక్ ద్రవస్ఫటికంలో (అణువులన్నీ ఒకే దిశకు వాలి ఉండే రకం) కైరల్ పదార్థాన్ని (అణువులకు మెలిక పెట్టేది), కొద్దిగా డీసీఎం అనే డైని (వెలుగునిచ్చే రంగు పదార్థం) కలిపినప్పుడు అణువుల వరుసలు మెలితిరిగి సర్పిలంగా అమరుతాయి. ఒక పూర్తి మెలిక పొడవును సగటు వక్రీభవన గుణకంతో గుణిస్తే ఆ సర్పిలం ఏ రంగును వెనక్కి తిప్పికొడుతుందో తెలుస్తుంది. ఆ సర్పిలమే అద్దంలా పనిచేస్తుంది కనుక దీనికి వేరే అద్దాలు అక్కరలేదు. 1980లో కీవ్‌లో ఇల్చిషిన్ బృందం ఇటువంటి లేజరును చూపింది. లేజరు కాంతి నిషిద్ధ పట్టీ, అంటే సర్పిలం తిప్పికొట్టే తరంగదైర్ఘ్యాల పట్టీ, అంచు వద్ద పుడుతుందని 1998లో న్యూయార్క్‌లో కాప్, జెనాక్ బృందం స్పష్టపరచింది.

ఆ అంచును మా విద్యార్థులు కళ్లారా చూస్తారు. డైని ఉత్తేజపరిచే 532 నానోమీటర్ల పచ్చని పల్సుల శక్తి తక్కువగా ఉన్నంతసేపు స్పెక్ట్రోమీటరు తెరపై డై వెలుగు వెడల్పైన దిబ్బలా కనిపిస్తుంది. శక్తి లేజరు మొదలయ్యే అవధిని దాటగానే పట్టీ దీర్ఘతరంగపు అంచు వద్ద సన్నని గీత ఒకటి నిట్టనిలువుగా లేస్తుంది, ఎదురుగా ఉంచిన తెల్లకాగితంపై ఎర్రని చుక్క పడుతుంది. డై అణువులు ద్రవస్ఫటిక అణువుల వెంబడే వాలి ఉండటం వల్లనే ఆ అంచుకు మొగ్గు వస్తుంది. వెలువడే కాంతి వృత్తాకార ధ్రువణం (కంపన దిశ గుండ్రంగా తిరగడం) కలిగి ఉంటుంది, దానిని సరళ ధ్రువణంగా మార్చే పావుతరంగ ఫలకంతో సులువుగా పరీక్షించవచ్చు.

రంగు మార్చే పద్ధతుల విషయంలో నా అభిప్రాయం గట్టిది. ఉష్ణోగ్రతతో మార్చే ఘటాలను ఈ పనికి కొనవద్దు. ఉష్ణోగ్రతతోపాటు మెలిక పొడవు మారి రంగు మారాలి, కానీ రెండు పలకలూ అణువులను గట్టిగా పట్టి ఉంచడం వల్ల మెలికలు అరమెలిక చొప్పున మాత్రమే పెరుగుతాయి లేదా తగ్గుతాయి. మా మందానికి రంగు సుమారు 5 నానోమీటర్ల చొప్పున గెంతుతుంది, మధ్యలోని రంగులు దొరకవు. పైగా మా తీరప్రాంతపు వానాకాలంలో ఘటాన్ని గది ఉష్ణోగ్రత కంటే కాస్త చల్లబరచగానే గాజుపై తేమ పట్టి కాంతి చెదిరిపోతుంది. పొడిగాలి ఏర్పాటు లేకుండా ఇక్కడ ఆ పద్ధతి సాగదు.

ఒక చివర పొట్టి మెలిక, మరొక చివర పొడవాటి మెలిక ఉండేలా నింపిన ఘటాన్ని పక్కకు జరుపుతూ రంగు మార్చడమే మేలు. నారింజ నుండి ముదురు ఎరుపు వరకు రంగు ఎక్కడా పెద్దగా గెంతకుండా సాఫీగా మారుతుంది. కానీ రెండు మిశ్రమాలను ఎదురెదురుగా నింపి వదిలేసిన ఘటంలో విసరణ (ఒకదానిలోకి ఒకటి కలిసిపోవడం) ఆగదు. నెలలు గడిచేకొద్దీ రెండు చివరల రంగులు దగ్గరవుతూ, దొరికే పరిధి కుంచించుకుపోతుంది. తొలి ఘటాన్ని సరఫరా చేసినవారు ఈ మాట చెప్పలేదు, ఇది చిన్న లోపం కాదు. అమరికను పాలిమరీకరణతో (అణువులను గొలుసులుగా కలిపి) బిగించిన ఘటాన్నే అడిగి తీసుకోవాలి. ఇప్పుడు మేము వాడుతున్నది అదే, దాని పరిధిలో మాకు చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు.

డై అలసట మాత్రం ఏ ఘటానికైనా తప్పదు. సెకనుకు 10 పల్సులతో ఒకే చోట కొట్టిస్తూ పోతే వేడి వల్ల సర్పిలం చెదిరి వెలుగు తగ్గుతుంది. కొంతసేపు ఆపితే చాలావరకు తేరుకుంటుంది, డై క్షీణించిన చోటు మాత్రం తేరుకోదు. అందుకే సెకనుకు రెండు మూడు పల్సులకు మించనివ్వము. వెలుగు తగ్గినప్పుడు ఘటాన్ని రంగు మారే దిశకు అడ్డంగా కాస్త జరిపితే అదే రంగు తాజా చోటు నుండి మళ్లీ వస్తుంది. కనుక ఘటంతోపాటు రెండు దిశలలోనూ జరిగే స్టాండును కూడా కొనాలి.