బొబ్బలకి బయాప్సీ అంటే, డబ్బు కట్టేముందు సీసా చూడండి

బెంగళూరులో, మారతహళ్లి వైపు ఒక స్కిన్ క్లినిక్‌లో మాకు జరిగింది రాస్తున్నా. పేరు చెప్పను. ఇలా చేసేది వాళ్లొక్కరే అయ్యుండరు కూడా.

అమ్మకి అరవై రెండేళ్లు. హిందూపురం నుంచి మా ఇంటికి వచ్చేసరికే నోరంతా పూత. వేడి చేసిందనుకుని మూడు నెలలుగా బి-కాంప్లెక్స్ మింగుతోంది. చారన్నం కూడా మంటే, చల్లారిన రాగిజావ ఒక్కటే దిగేది. తర్వాత వీపు మీద బొబ్బలు లేచాయి. పలుచటివి, చీర రాసుకున్నా చిట్లి పచ్చిపుండయ్యేవి. ఊళ్లో అక్కి అన్నారు, కుమ్మరాయన చేత జాజుతో రాయించారు కూడా. ఎవరికైనా అంటుతుందేమోనని అమ్మ తన కంచం వేరుగా పెట్టుకునేది.

క్లినిక్‌లో ఐదు నిమిషాలు చూసి ‘ఆటోఇమ్యూన్ ప్యాకేజీ’ రాశారు. పదకొండు వేల నాలుగు వందలు. ఏఎన్ఏ ప్రొఫైల్, ఫుడ్ అలర్జీ ప్యానెల్, బయాప్సీ, డిఐఎఫ్ అనే ఇంకో చర్మపు ముక్క పరీక్ష. ఆ టెన్షన్‌లో ఇంకో పదివేలు అడిగినా కట్టేవాణ్ణే. ఏఎన్ఏ లూపస్ లాంటి జబ్బుల అనుమానానికి పనికొచ్చే పరీక్ష అని, అమ్మ బొబ్బలకి అలర్జీ ప్యానెల్‌తో పనే లేదని తర్వాత తెలిసింది.

అసలు తప్పు నా కళ్ల ముందే జరిగింది. ఎప్పుడో చిట్లిన పాత పుండు మధ్యలోంచి రెండు ముక్కలు తీశారు, ఒకటి బయాప్సీకి, ఒకటి డిఐఎఫ్‌కి. తెల్ల మూత ప్లాస్టిక్ సీసా తెరవగానే ఘాటుకి కళ్లు మండాయి, ముక్కలు పాడవకుండా వాడే ఫార్మలిన్. రెండు ముక్కలూ అందులోనే వేశారు. “రెండూ ఒకే దాంట్లోనా అండీ?” అని అడిగా. “ల్యాబ్‌లో వేరు చేస్తారు సార్” అన్నాడు టెక్నీషియన్, సీసా మీద పేరు రాసుకుంటూ.

తొమ్మిది రోజులకి రిపోర్టు వచ్చింది. బయాప్సీలో ‘మామూలు పుండు’, డిఐఎఫ్ నెగటివ్. డాక్టరు అలర్జీ అని తేల్చి, వంకాయ మానేయమని, పూతమందు రాసిచ్చారు. అమ్మ వంకాయ మానేసింది. బొబ్బలు ఛాతీ మీదకి పాకాయి.

చివరికి ఒక టీచింగ్ హాస్పిటల్‌కి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ ముందు నోరు చూశారు. తర్వాత బొబ్బ పక్కన బాగున్న చర్మాన్ని వేలితో మెల్లగా రుద్దితే పైపొర జరిగిపోయింది. మా రిపోర్టు కింద చిన్నక్షరాల లైను చూపించారు: ‘శాంపిల్ ఫార్మలిన్‌లో అందింది.’ అలా అందితే డిఐఎఫ్ చేసినా చేయనట్టేనట. అమ్మకున్న లాంటి జబ్బులో, చర్మ కణాలని పట్టి ఉంచే జిగురు లాంటి డెస్మోగ్లీన్ అనే ప్రొటీన్ల మీదకి మన ఒంట్లోని యాంటీబాడీలే ఎగబడతాయి. అవి అంటుకున్న చోటు మెరిసేలా చేసి చూడటమే డిఐఎఫ్. ఫార్మలిన్‌లో పడితే ఆ మెరుపు పోతుంది.

ఈసారి కొత్తగా లేచిన చిన్న బొబ్బని అంచుతో సహా తీసి ఫార్మలిన్‌లో వేశారు. రెండో ముక్క బొబ్బ పక్కనున్న చెక్కుచెదరని చర్మంలోంచి తీసి, వేరే సీసాలో, మిషెల్స్ మీడియం అనే ద్రవంలో వేశారు. అది లేని చోట నార్మల్ సెలైన్‌లో వేసి 24 గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చినా నడుస్తుందన్నారు. డబ్బు కట్టకముందే మీరు అడగాల్సింది ఇదే: రెండో ముక్క ఎక్కడ్నుంచి తీస్తారు, దేంట్లో వేస్తారు? కౌంటర్లో నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

ఈసారి డిఐఎఫ్ ఫొటోలో కణాల మధ్య ఆకుపచ్చటి వల పరిచినట్టుంది. జబ్బు పేరు పెంఫిగస్ వల్గారిస్. డెస్మోగ్లీన్ 1, 3 ఎలైజా రక్తపరీక్షా అదే చెప్పింది. పెద్ద వయసువాళ్లకే ఎక్కువగా వచ్చే బుల్లస్ పెంఫిగాయిడ్ అనే ఇంకో బొబ్బల జబ్బులో అయితే విపరీతమైన దురద, తొందరగా చిట్లని గట్టి బొబ్బలు ఉంటాయట. దాంట్లో మెరుపు వలలా కాక, పైపొర అడుగున గీతలా కనిపిస్తుంది. రెండింటికీ మందుల లెక్క వేరు కాబట్టి, కంటితో చూసి పేరు పెట్టేస్తే కుదరదు. మధ్యలో మెడికల్ షాపువాళ్లిచ్చిన స్టెరాయిడ్ మాత్రలేమైనా మింగి ఉంటే దాచకండి, డాక్టరుకి ముందే చెప్పండి. మేం రెండోసారి అడిగితే గానీ చెప్పలేదు.

ఇది అంటుకునే జబ్బు కాదని డాక్టరమ్మ చెప్పిన రాత్రే అమ్మ కంచం మళ్లీ మా కంచాల్లో కలిసింది.

ఆ చిన్నక్షరాల లైను ఫొటో తీసి క్లినిక్‌కి పంపా. మూడు వారాలు తిప్పించుకుని డిఐఎఫ్ డబ్బు, మూడు వేల రెండు వందలు, వెనక్కి వేశారు. మిగతాది ‘ప్యాకేజీ రేటు సార్, విడగొట్టలేం’ అన్నారు. మరి ఈ మూడు వేల రెండు వందలు ఎలా విడగొట్టారో!