డ్రాకులా కొనేముందు 13వ అధ్యాయం తెరిచి చూడండి

బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ 1897లో లండన్‌లో వచ్చింది. కాపీరైట్ ఎప్పుడో పోయింది కాబట్టి ఎవరు పడితే వాళ్లు అచ్చు వేస్తున్నారు. హన్మకొండ చౌరస్తా షాపుల్లో పోటీ పరీక్షల పుస్తకాల మధ్య ఒకటో రెండో రకాలు దొరికితే దొరకొచ్చు, ఆన్‌లైన్‌లో మాత్రం లెక్కే లేదు. కాకతీయ యూనివర్సిటీలో (కేయూ) ఎంఏ ఇంగ్లిష్ చేస్తూనో, లెక్చరర్ పరీక్షలైన సెట్, నెట్‌లకు తయారవుతూనో ఈ నవలలో ఆడ, మగ పాత్రల మీద పేపర్ రాయాల్సినవాళ్లకు ఏ ప్రతి పనికొస్తుందన్నదే ఈ రివ్యూ. రక్తం తాగే కథగా ఒకసారి చదివి పక్కన పెట్టేవాళ్లకు ఏదైనా ఒకటే.

ముందు తేల్చుకోవాల్సింది నవల మూలపాఠం పూర్తిగా ఉందా లేదా అన్నది. నవల మొత్తం డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపర్ కటింగులే. కుదించేవాళ్లు కోట, శవపేటిక, మేకు దిగ్గొట్టే సీను ఉంచి, ఉత్తరాల్లో కబుర్లలా కనబడేవి తీసేస్తారు. మన టాపిక్ అంతా ఆ కబుర్లలోనే ఉంది. 27 అధ్యాయాలు ఉన్నంత మాత్రాన పూర్తి ప్రతి అనుకోవద్దు, అధ్యాయాల లెక్క చెడకుండానే లోపల పేరాలు కోసేయొచ్చు. 1901లో అసలు ప్రచురణకర్తలే ఒక కుదింపు ప్రతి వేశారు.

షాపులో నిలబడి రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. 8వ అధ్యాయం మొదట్లో కథానాయిక మీనా ‘న్యూ ఉమన్’ (చదువు, ఉద్యోగం, స్వేచ్ఛ కోరే కొత్తతరం ఆడమనిషి) మీద వేసే జోకు ఉండాలి: ముందుముందు ఆడవాళ్లే పెళ్లి ప్రస్తావన తెస్తారేమో అంటుంది. 1890ల్లో లండన్ పత్రికల్లో న్యూ ఉమన్ మీద పెద్ద రగడే నడిచింది, స్టోకర్ ఆ మాటను ఊరికే వాడలేదు. తర్వాత 13వ అధ్యాయం తెరవండి. మీనా స్నేహితురాలు లూసీ అంత్యక్రియలయ్యాక బండిలో, డ్రాకులా వేటను నడిపే ముసలి డాక్టర్ వాన్ హెల్సింగ్‌కు ఆగకుండా నవ్వొస్తుంది. డ్రాకులా రక్తం పీల్చేస్తుంటే లూసీని బతికించడానికి నలుగురు మగవాళ్లు వరసగా రక్తం ఇచ్చి ఉంటారు: ఆమెను చేసుకోబోయే ఆర్థర్, డాక్టర్ సీవార్డ్, వాన్ హెల్సింగ్, క్విన్సీ మోరిస్. పెళ్లి కాకపోయినా తన రక్తం ఎక్కింది కాబట్టి ఆమె తన భార్య అయినట్టేనని ఆర్థర్ అనుకుంటాడు, మిగతా ముగ్గురూ తమ సంగతి అతనికి చెప్పరు. అలాగైతే ఆ పిల్లకు ఎంతమంది మొగుళ్లు, భార్య ఉన్న నేనేమవుతాను అని ముసలాయన నవ్వుతాడు. 5వ అధ్యాయంలో ఒకే రోజు ముగ్గురు పెళ్లి అడిగితే, ముగ్గురినీ చేసుకోనివ్వకూడదా అని లూసీ సరదాగా రాసిన ఉత్తరం ఇక్కడ ఎంత చేదుగా తిరిగొస్తుందో చూడాలి. ఈ పేజీ లేని ప్రతిని అక్కడే పెట్టేసి రండి. (బ్లడ్ గ్రూపుల సంగతి లాండ్‌స్టైనర్ అనే శాస్త్రవేత్త బయటపెట్టింది 1901లో, అంటే నవల వచ్చాక నాలుగేళ్లకు. అందుకే నలుగురి రక్తం ఎక్కించినా ఎవరూ గ్రూపు అడగరు.)

చివరిగా 17వ అధ్యాయం. మీనా అందరి డైరీలనూ టైప్ చేసి కార్బన్ పెట్టి మూడు కాపీలు తీస్తుంది. కుదింపు ప్రతుల్లో ఇది ఒక వాక్యమైపోతుంది, లేదా అసలే ఉండదు. 21వ అధ్యాయంలో డ్రాకులా కాగితాలనూ, సీవార్డ్ డైరీ రికార్డు చేసిన ఫోనోగ్రాఫ్ సిలిండర్లనూ తగలబెట్టినప్పుడు ఇనప్పెట్టెలో మిగిలేది ఆమె తీసిన కాపీయే. షార్ట్‌హ్యాండ్, టైపు, రైళ్ల టైంటేబుల్ అన్నీ నేర్చిన బడి టీచరమ్మ లేకపోతే మగవాళ్ల వేట మొదటికే వస్తుంది. అయినా 18వ అధ్యాయంలో ఆమెకు మగవాడి బుర్ర, ఆడమనిషి మనసు ఉన్నాయని పొగిడి, ఇక ఇందులోకి రావద్దంటాడు వాన్ హెల్సింగ్. ఆమెకు ఏమీ చెప్పకుండా పక్కకు పెట్టిన ఆ కొద్ది రాత్రుల్లోనే డ్రాకులా ఆమె గదిలోకి వస్తాడు. 26వ అధ్యాయంలో అతను ఏ నది మీదుగా పోతున్నాడో లెక్కగట్టి చెప్పేది మళ్లీ మీనాయే. మీనా మంచి భార్య, లూసీ చెడిపోయిన పిల్ల అని రెండు గడులు గీసే గైడ్లతో మార్కులు పోయేది ఈ వరుస కనబడకే. మీనాను ఏకంగా ఫెమినిస్టు నాయిక చేసేసేవాళ్లూ ఉన్నారు, అదీ నిలవదు. చివరి నోట్‌లో ఆమె ఒక పిల్లవాడి తల్లి, ఆమె టైపు చేసిందంతా అసలు పత్రాలు కాని వట్టి టైపు కాగితాల కుప్పేనని ఆమె భర్త జోనథన్ రాస్తాడు.

ఇక ఎడిషన్లు. వర్డ్స్‌వర్త్ క్లాసిక్స్ చవక, పాఠం పూర్తి, అక్షరం చిన్నది. కథ చదవడానికి చాలు. పెంగ్విన్ క్లాసిక్స్‌లో మారిస్ హిండిల్ పరిచయం, నోట్స్ ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్ వరల్డ్స్ క్లాసిక్స్ 2011 ప్రతిని రోజర్ లక్‌హర్స్ట్ చూశారు. ఈ రెండింట్లో ఏదైనా సరే, తక్కువకు దొరికింది తీసుకోండి. రెండింట్లోనూ నోట్స్ వెనక ఉంటాయి, మాటిమాటికీ పేజీలు తిప్పాల్సిందే.

పేపర్ రాసేవాళ్లకు డబ్బు పెట్టదగ్గది నార్టన్ క్రిటికల్ ఎడిషన్, 1997 ప్రతి. నీనా ఆయర్‌బాక్, డేవిడ్ స్కాల్ సంపాదకులు. పాఠంతో పాటు విమర్శ వ్యాసాలు అందులోనే ఉన్నాయి. కరోల్ సెన్ఫ్ వ్యాసమూ ఒకటి ఉంది, కానీ స్టోకర్ న్యూ ఉమన్‌ను పూర్తిగా తిట్టనూ లేదు, ఒప్పుకోనూ లేదు అన్న ఆమె వాదన ఇందులో లేని వేరే వ్యాసంలోది (1982), దాన్ని విడిగా వెతుక్కోవాలి. క్రిస్టఫర్ క్రాఫ్ట్ వ్యాసం 3వ అధ్యాయంలో డ్రాకులా కోట సీనును పట్టుకుంటుంది: మీదికి వంగేది అక్కడి ముగ్గురు ఆడ పిశాచాలు, కళ్లు మూసుకుని ఎదురుచూసేది జోనథన్. పంటి గాటుతో ఆడ మగ తేడాలు తారుమారవుతాయనీ, మగవాళ్ల భయమంతా అక్కడేననీ అతని మాట. అందరికీ ముందు ఇదే చదవమంటాం, భాష మాత్రం గట్టిది, రెండుసార్లు చదవక తప్పదు. స్టీఫెన్ అరాటా వ్యాసం వలస రాజ్యం తిరిగి లండన్ మీదికే రావడం గురించి. మన టాపిక్‌కు పక్కది, కానీ ఇండియాలో చదివేవాళ్లు వదలకూడనిది. ఇదే ఎడిషన్ తర్వాత ఇంకొకటి వచ్చింది, కాబట్టి ఆర్డర్ పెట్టేముందు విషయసూచిక ఫొటో అడిగి చూసుకోండి. మొదటిసారి చదువుతూ ఫుట్‌నోట్ల జోలికి పోవద్దు, ముందు జరగబోయేది చెప్పేస్తాయి.

డబ్బు పెట్టలేకపోతే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో 345వ నంబరు పుస్తకం ఇదే, పూర్తి పాఠం, ఉచితం. ఫోన్‌లో చదవడం కష్టమైతే ప్రింట్ తీయించుకోవచ్చు. దాదాపు లక్షా అరవై వేల మాటలు, ఏ4 మీద 11 సైజు అక్షరంతో 300 పేజీల చుట్టుపక్కల పడుతుంది. రెండు వైపులా కొట్టిస్తే 150 షీట్లు. స్పైరల్ ఒకటే వేయించకండి, 13వ అధ్యాయం తర్వాత విడగొట్టి రెండు చేయించండి, లేకపోతే వారం తిరగకముందే పేజీలు ఊడొస్తాయి. ఇందులో చిక్కు ఒక్కటే, పేజీ నంబర్లు ఏ అచ్చు ప్రతితోనూ కలవవు. రెఫరెన్స్‌లో అధ్యాయం నంబరు, డైరీ తేదీ ఇవ్వండి.

సినిమా బొమ్మ అట్టతో వచ్చే ప్రతుల్ని కొనొచ్చు కానీ నమ్మొద్దు. 1992 కొప్పోలా సినిమాలో మీనా డ్రాకులాకు పూర్వజన్మ భార్య, ప్రేమకథ నడుస్తుంది. నవలలో అది ఎక్కడా లేదు. సినిమా చూసి రాసిన ఆన్సర్ మొదటి పేరాలోనే దొరికిపోతుంది. చావుల సంగతీ అంతే. 16వ అధ్యాయంలో లూసీ ఛాతీలోకి చేసుకోబోయినవాడే సుత్తితో మేకు దిగ్గొడతాడు, మిగతావాళ్లు ప్రార్థన చదువుతూ చుట్టూ నిలబడతారు, ఆమె పడే బాధను స్టోకర్ తీరిగ్గా రాస్తాడు. 27వ అధ్యాయంలో కోటలోని ముగ్గురు ఆడవాళ్లకూ మేకే. డ్రాకులాకు మాత్రం మేకు లేదు. జోనథన్ కుక్రీ (వంపు కత్తి) గొంతు మీద, క్విన్సీ కత్తి గుండెలో, రెండు మూడు వాక్యాల్లో బూడిదైపోతాడు. ఆడ పిశాచికి ఒక శిక్ష, మగ పిశాచికి ఇంకొకటి ఎందుకన్నది పెట్టుకుంటే పేపర్‌కు సరిపోయేంత మేటర్ ఉంది.

ఇంటర్నల్ దగ్గరపడి మొత్తం చదివే టైం లేకపోతే 3, 5, 8, 10 నుంచి 13, 16 నుంచి 18, 21, ఆఖరి రెండు అధ్యాయాలు ఇదే వరుసలో చదవండి. మిగతావి వదిలేసినా కొంపేం మునగదు.